సమీక్షలు చదివాక ఆ ఆత్మకథ మీద ఇష్టం పోయింది, ఏం చేయను?

ప్రశ్న: మేము సిడ్నీలో ఉంటాం. తెలుగువాళ్లం పదిమందిమి నెలకొకసారి ఎవరో ఒకరింట్లో కలుసుకుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఉంటున్న దేశపు సాహిత్యం తెలియకపోతే ఎలా అని ఈ ఏడాది ఆస్ట్రేలియా రచయితలను తీసుకున్నాం. నా వంతుకు నవలాకారుడు పాట్రిక్ వైట్ ఆత్మకథ ‘ఫ్లాస్ ఇన్ ది గ్లాస్’ వచ్చింది. చదివినంతసేపూ కదలలేకపోయాను. పరిచయం చేయాలి కదా అని, ఆ పుస్తకం వచ్చిన కొత్తలో పత్రికల్లో పడిన సమీక్షలు లైబ్రరీలో వెతికి చదివాను. కసితో రాశాడనీ, ఆప్తమిత్రుణ్ణి బజారుకీడ్చాడనీ ఉంది. అప్పటినుంచి నా ఇష్టం మీద నాకే అనుమానం. ఈ పుస్తకాన్ని మెచ్చుకుంటే ఆ కసిని కూడా మెచ్చుకున్నట్టేనా? వాళ్లకు కనిపించింది నాకెందుకు కనిపించలేదు? సమావేశంలో ఏమని చెప్పను?

జవాబు: మీ ఉత్తరంలో ‘చదివినంతసేపూ కదలలేకపోయాను’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ముందు ఆ మాటను ఒక కాగితం మీద రాసి దాచుకోండి. సమీక్షల నీడ పడకముందు మీకు కలిగిన అనుభవం అదొక్కటే. తర్వాత వచ్చిన అనుమానం ఎంత సబబైనదైనా, ఈ అనుభవాన్ని చెరిపేసే హక్కు దానికి లేదు.

ఈ రచయిత పేరు వినని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. పాట్రిక్ వైట్ 1912లో లండన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఆస్ట్రేలియావాళ్లు, న్యూ సౌత్ వేల్స్‌లో పెద్ద పెద్ద పశుక్షేత్రాలున్న వంశం. పసివాడుగానే సిడ్నీ చేరాడు. పదమూడేళ్లకు ఇంగ్లండ్‌లోని చెల్ట్‌నమ్ బడికి పంపించారు. అక్కడ గడిపిన నాలుగేళ్లనూ ఆయన జైలుశిక్షగానే గుర్తుపెట్టుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో చదివి, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం గూఢచార విభాగంలో ఈజిప్టు ప్రాంతాల్లో పనిచేసి, యుద్ధం ముగిశాక సిడ్నీకే తిరిగి వచ్చాడు. 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. సాహిత్యంలో దాన్ని అందుకున్న మొదటి ఆస్ట్రేలియా రచయిత ఆయనే. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1981లో, ఈ ఆత్మకథ. దానికి ఆయన పెట్టుకున్న ఉపశీర్షికకు అర్థం ‘స్వీయచిత్రం’. చరిత్ర అనలేదు, చిత్రం అన్నాడు. ఈ తేడా మనకు ముందు ముందు పనికొస్తుంది.

ఇక సమీక్షల సంగతి. ఒక ఆత్మకథ వచ్చిన మొదటి నెలల్లో దాన్ని చదివేవాళ్లు వేరు, నలభై ఏళ్ల తర్వాత చదివే మీరు వేరు. 1981లో ఆ పుస్తకం తెరిచిన సిడ్నీ మనిషికి అందులోని మనుషులు సజీవంగా ఎదురుగా ఉన్నారు. ఒకరితో నిన్న రాత్రి భోజనం చేసి ఉంటారు, ఇంకొకరి బొమ్మ గోడకు వేలాడుతూ ఉంటుంది, మరొకరికి ఓటు వేసి ఉంటారు. అలాంటి పాఠకుడి చెయ్యి ముందు ఎక్కడికి పోతుంది? ఎవరిని ఏమన్నాడో చూడటానికే పోతుంది. సమీక్షకులూ మనుషులే. పైగా వాళ్లు పత్రికలకు రాస్తున్నారు, పత్రికకు కావలసింది వార్త. ఆ పుస్తకంలో వార్త కాగలిగిన పేజీలు కొన్నే ఉన్నాయి. చర్చంతా వాటి చుట్టూనే తిరిగింది.

ఆ పేజీల్లో అన్నిటికంటే రగడ తెచ్చినవి చిత్రకారుడు సిడ్నీ నోలాన్ మీద రాసినవి. వాళ్ల స్నేహం ఎంత దగ్గరిదో తెలిస్తే గానీ ఆ దెబ్బ ఎంత గట్టిదో అర్థం కాదు. 1957లో వచ్చిన ‘వాస్’ నవలకు అట్టమీద బొమ్మ నోలాన్‌ది. 1970 నాటి ‘ది వివిసెక్టర్’ నవలను వైట్ నోలాన్ దంపతులు సింథియా, సిడ్నీలకు అంకితమిచ్చాడు. నోబెల్ వచ్చినప్పుడు తాను స్టాక్‌హోమ్ వెళ్లకుండా, తన బదులు దాన్ని అందుకోవడానికి పంపింది నోలాన్‌నే. 1976లో సింథియా లండన్‌లో ఆత్మహత్య చేసుకుంది. 1978 మొదట్లో నోలాన్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. చితాభస్మం చల్లారకముందే మరో స్త్రీ దగ్గరికి పరుగెత్తాడని ఆత్మకథలో వైట్ రాసేశాడు. అవసరం లేని కీర్తికోసం వెంపర్లాడుతున్నాడనీ, కెమెరాల ముందూ రాజకీయ నాయకుల పక్కనా తిరుగుతున్నాడనీ కూడా రాశాడు. నోలాన్ కుంచెతోనే బదులిచ్చాడు. ఆ ఇద్దరూ మళ్లీ కలవలేదు.

మీరు అడిగినదానికి ఇక్కడ సూటిగా చెబుతాను. ఆ పేజీలు రాయకుండా ఉండవలసింది. సింథియా మీద నిజమైన ప్రేమతోనే రాశాడు, అందులో నాకు సందేహం లేదు. అయినా భార్య పోయినవాడి దుఃఖాన్ని బయటివాడు రోజులతో కొలవడం అన్యాయం. ఏడాది తిరగకముందే ఇదేమిటని వేళ్ల మీద లెక్కపెట్టే చుట్టాలు మనకూ తెలుసు. వాళ్లు అనే మాటకూ, నోబెల్ అందుకున్న మనిషి అనే మాటకూ తేడా ఒక్కటే. ఈయన మాట అచ్చులో ఉండిపోయింది. కాబట్టి కసి ఉందని రాసిన సమీక్షకులు లేనిది కల్పించలేదు. మీకు ఆ పేజీలు అంతగా గుచ్చుకోకపోవడానికి కారణం మీ మొద్దుతనం అనుకోవద్దు. నోలాన్ మీకు ఒక పేరు, వాళ్లకు తెలిసిన మనిషి. అంతే.

అయితే ఆ పేజీలను బట్టి పుస్తకమంతా కసి అని తేల్చినవాళ్లు పొరబడ్డారని కూడా నేను అంతే గట్టిగా అంటాను. ఎందుకో చెప్పాలంటే పుస్తకం పేరు దగ్గరికి రావాలి.

1926లో వైట్ కుటుంబం ఇంగ్లండ్‌లో, ససెక్స్ తీరాన ఫెల్ఫమ్ అనే చోట వేసవికి ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. అందులో ఒక పొడుగాటి గది. ఆ గది చివర పూతపూసిన చట్రంలో పెద్ద అద్దం. పాతబడి మరకలు పట్టి, సొట్టలు పడ్డట్టు, అలలు లేచినట్టు ఉంటుంది. పద్నాలుగేళ్ల కుర్రవాడు దాని ముందు నిలబడితే బొమ్మ నిలకడగా ఉండదు. వెలుతురు మారితే ఒకసారి నీళ్లతొట్టి అడుక్కి పోయినట్టు వెనక్కి జరుగుతుంది, ఇంకోసారి నీళ్లలో నాచుపోగులా ముందుకొచ్చి వణుకుతుంది. నన్ను ఎరుగుదుమనుకునే వాళ్లకు ఆ ప్రాణి తెలియదు, నాకే అంతంతమాత్రం తెలుసు, అన్న అర్థంలో అక్కడ ఒక వాక్యం ఉంది. ‘అద్దంలో లోపాలు’ అన్న పేరు అక్కడిది.

ఈ పేజీని మీ సమావేశంలో పైకి చదవండి. ఎందుకంటే తన మీద తాను సాక్ష్యం చెప్పబోయే మనిషి, తన కళ్లే సరిగా లేవని మొదట్లోనే ఒప్పుకుంటున్నాడు. ముఖం ఇలా ఉందనడు, ఈ అద్దంలో ఈ పూటకు ఇలా కనిపించిందంటాడు. ఆ జాగ్రత్త పుస్తకంలో చాలా భాగం నడుస్తుంది. తల్లి రూత్‌తో తనకు పొసగకపోవడం గురించి రాసేటప్పుడు కూడా తన మొండితనాన్ని పక్కన పెట్టడు. ఉబ్బసం, కోపం, ఇతరులను భరించలేకపోవడం, ఏదీ దాచుకోడు. నోలాన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మరకల అద్దాన్ని పక్కకు తోసి, తన చూపు నూటికి నూరుపాళ్లూ సరైనదన్నట్టు తీర్పు చెప్పేస్తాడు. నా అభ్యంతరం అక్కడ. ఆ పేజీలు మర్యాదను మాత్రమే తప్పలేదు, తాను పెట్టుకున్న పుస్తకం పేరునే తప్పాయి. సమీక్షకులు మర్యాద గురించి మాట్లాడారు. మీరు ఈ రెండోదాని గురించి మాట్లాడవచ్చు.

ఇంకొక పేజీ ఉంది. నాకు ఈ పుస్తకమంటే ఆ పేజీయే.

యుద్ధం తర్వాత వైట్, ఆయన సహచరుడు మనోలీ లాస్కారిస్ సిడ్నీ శివార్లలో కాసిల్ హిల్ అనే చోట కొద్దిపాటి భూమి కొనుక్కుని కాపురముండేవారు. పూలు, కూరగాయలు పండించేవారు, పాడి చూసుకునేవారు, కుక్కలను పెంచి అమ్మేవారు. మీ సమావేశానికి వచ్చేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఆ వైపున ఉంటూ ఉండవచ్చు, చాలా మారిపోయిన ప్రాంతం. నెలల తరబడి వదలని వాన. నులిపురుగులు పట్టిన కుక్కపిల్లలకు పళ్లెం నిండా తిండి గిన్నెలు పెట్టుకుని వెళుతూ వైట్ బురదలో జారి వెల్లకిలా పడ్డాడు. గిన్నెలు తలో దిక్కుకూ ఎగిరిపోయాయి. వాన కళ్లలో పడుతోంది, ఒంటి మీద పాత రెయిన్‌కోటు కంపు కొడుతోంది. పడ్డచోటే పడుకుని, తాను నమ్మని దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. తిట్టి తిట్టి చివరికి నవ్వు వచ్చింది. తాను పడ్డ తీరు ఎంత నవ్వులాటగా ఉందో, తన నాస్తికత్వమూ అంతే నవ్వులాటగా తోచిందట. ఆ క్షణాన నిజంగా తల వంచానని రాస్తాడు. తన జీవితానికి మలుపు అదే అంటాడు.

‘ది ట్రీ ఆఫ్ మ్యాన్’, ‘వాస్’ రాసిన చెయ్యి వెనక ఉన్న విశ్వాసం పుట్టిన చోటు ఆ బురద. మహానుభావుల జీవితాల్లో ఇలాంటి ఘట్టానికి మనం కొండో, నదీతీరమో, గురువుగారి పాదాలో చూస్తాం. ఈయన కుక్కతిండి గిన్నెలు చూపించాడు. దీంట్లో వార్త ఏమీ లేదు. ఎవరినీ ఏమీ అనలేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు, కోపం రాని పేజీ గురించి పత్రికలో కొట్లాట జరగదు. కానీ మీరు కదలకుండా కూర్చుని చదివింది ఇలాంటి పేజీలనే అని నా నమ్మకం.

లాస్కారిస్ పేరు వచ్చింది కాబట్టి ఆ సంగతీ దాటవేయకూడదు. 1941లో, యుద్ధ కాలంలో, అలెగ్జాండ్రియాలో వాళ్లిద్దరికీ పరిచయమైంది. 1990లో వైట్ చనిపోయేదాకా కలిసే బతికారు. ఆత్మకథలో వైట్ ఈ బంధాన్ని మొదటిసారి అచ్చులో, ఏ ముసుగూ లేకుండా చెప్పాడు. ఒక చిన్నపాటి గ్రీకు మనిషి, అపారమైన నైతిక బలం ఉన్నవాడు, చిందరవందరగా ఉన్న తన జీవితపు ముగ్గుకు నడిమి చుక్క అయ్యాడన్నట్టు రాశాడు. ఆయన వాడిన మాట ‘మండల’, మన వైపు నుంచి వెళ్లిన మాటే. ఇది 1981. న్యూ సౌత్ వేల్స్‌లో పురుషుల మధ్య అటువంటి బంధం నేరం కాకుండా పోయింది 1984లో. అంటే, తాను ఉంటున్న రాష్ట్రంలో చట్టం నేరమంటున్న దాన్ని, డెబ్భయ్యో ఏటికి దగ్గరపడుతున్న మనిషి, దేశంలో అందరికీ తెలిసిన మనిషి, సంతకం పెట్టి ప్రకటించాడు. దీన్నీ చాలామంది వార్తగానే తీసుకున్నారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది, దాన్ని ఆయన తన రచనకు ముడిపెట్టిన తీరు. రాస్తున్న పాత్రను బట్టి తన మనసును పురుషుడో స్త్రీయో ఆవహిస్తారనీ, తనకు అది వరమనీ చెప్పుకున్నాడు. ఆయన నవలల్లో ముసలి ఆడవాళ్లు అంత నిండుగా ఎలా వచ్చారని ఆశ్చర్యపోయినవాళ్లకు ఇది జవాబు.

సమీక్షకులకూ వైట్‌కూ మధ్య పాత లెక్కలు కూడా ఉన్నాయి. అవి తెలియకుండా 1981 నాటి మాటలను బేరీజు వేయలేం. 1956లో ‘ది ట్రీ ఆఫ్ మ్యాన్’ మీద కవి, ఆచార్యుడు ఏ.డి. హోప్ ఒక సిడ్నీ పత్రికలో సమీక్ష రాస్తూ ఆ వచనాన్ని ఆడంబరపు, చదువురాని మాటల బురద అన్న ధోరణిలో తీసిపారేశాడు. ఆ ఒక్క మాటను వైట్ జీవితాంతం మరిచిపోలేదు. రెండేళ్ల తర్వాత, తాను స్వదేశానికి ఎందుకు తిరిగి వచ్చాడో చెబుతూ రాసిన వ్యాసంలో ఆస్ట్రేలియాలో పరుచుకున్న మహాశూన్యం గురించి మాట్లాడాడు. మనసుకు ఏ విలువా లేని దేశమన్నాడు. అది చదివి దేశం సంతోషిస్తుందా? మరోవైపు అదే దేశం 1957లో మైల్స్ ఫ్రాంక్లిన్ సాహిత్య బహుమతిని మొట్టమొదట ‘వాస్’కే ఇచ్చింది. ఇలా తిట్టుకుంటూ, నెత్తిన పెట్టుకుంటూ పాతికేళ్లు గడిచాక వచ్చిన పుస్తకం ఇది. దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతివాడి మనసులోనూ ఆ పాతికేళ్లూ ఉన్నాయి. మీ మనసులో లేవు. అది లోటని మీరు అనుకుంటున్నారు. నేను సగం లోటు, సగం అదృష్టం అంటాను.

పైన మైల్స్ ఫ్రాంక్లిన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ బహుమతి ఆ పేరుగల ఆస్ట్రేలియా రచయిత్రి వీలునామా వల్ల ఏర్పడింది. 1901లో, ఇరవై ఒకటో ఏట, ఆమె ‘మై బ్రిలియంట్ కెరీర్’ అనే నవల ప్రచురించింది. ఊళ్లో వాళ్లు, చుట్టాలు దాన్ని ఆమె సొంత కథగా చదివి నొచ్చుకున్నారు. ఆ నొప్పి ఎంతదూరం వెళ్లిందంటే ఆమె ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు కానివ్వలేదు. 1954లో ఆమె పోయాక, 1966లో గానీ అది తిరిగి రాలేదు. నవలను ఆత్మకథగా చదివితే ఒక పుస్తకం దశాబ్దాల పాటు కనుమరుగైంది. మీ బృందంలో ఎవరైనా ఈ ఏడాది ఆమెను తీసుకుంటే ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోండి, ఒక సాయంత్రం చాలదు.

సమీక్షలను పారేయమని నేను చెప్పను. మళ్లీ చదవండి, కానీ ఈసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. పుస్తకం గురించి అన్న ప్రతి వాక్యం కిందా ఒక గీత, మనిషి గురించి అన్న ప్రతి వాక్యం కిందా రెండు గీతలు. నేను ఏ ఆత్మకథ సమీక్ష చదివినా ఇలాగే చేస్తాను. రెండు గీతల వాక్యాలే నిండిపోయిన సమీక్ష మీకు ఆనాటి సమాజం గురించి చెబుతుంది, పుస్తకం గురించి చెప్పదు. ఒక గీత వాక్యాలు ఎక్కువున్నవి పక్కన పెట్టుకోండి, వాటితో వాదించండి. సమీక్షకుడు ఏ అధ్యాయం నుంచి ఉదాహరణలు తీసుకున్నాడో కూడా చూడండి. ఈ పుస్తకం మూడు భాగాలు. మొదటిది బాల్యం నుంచి రచయితగా స్థిరపడేదాకా. రెండోది లాస్కారిస్‌తో గ్రీసులో చేసిన ప్రయాణాలు. మూడోది విడి విడి ఘట్టాలు, మనుషులు, కోపాలు. రాణిగారితో విందు, నోబెల్, నోలాన్, 1975లో ప్రధాని విట్లమ్‌ను తొలగించిన గవర్నర్ జనరల్ కెర్, వీళ్లంతా ఉండేది ఆ మూడో భాగంలో. ఉదాహరణలన్నీ అక్కడివే అయితే ఆ సమీక్షకుడు పుస్తకం చివరి నుంచి చదివినట్టే లెక్క.

ఆత్మకథ చెప్పినదంతా నమ్మాలా అన్న ప్రశ్న మీ బృందంలో ఎవరో ఒకరు తప్పక వేస్తారు. దానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. తన కాగితాలు ఇమ్మని ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం అడిగితే, నేను కాగితాలేవీ భద్రపరచను కాబట్టి ఇవ్వడానికి ఏమీ లేవని 1970లలో వైట్ జవాబు రాశాడు. 2006లో అదే గ్రంథాలయానికి ఆయన కాగితాలు ముప్పై రెండు పెట్టెలు చేరాయి. అందులో చేతిరాత ప్రతులున్నాయి, నోటుపుస్తకాలున్నాయి. అబద్ధమాడాడని దీన్ని చూపించి నవ్వుకోవద్దు. ఏవీ ఉంచుకోనని పైకి అంటూ, పారేయడానికి చెయ్యి రాక దాచుకున్న మనిషిని చూడండి. ఆత్మకథలోనూ ఇదే మనిషి ఉన్నాడు.

ఇక మీరు మెచ్చుకుంటే కసిని మెచ్చుకున్నట్టేనా అన్నారు. కాదు. సమావేశంలో ముందు అద్దం పేజీ చదవండి, తర్వాత వానలో పడ్డ పేజీ చదవండి, ఆ తర్వాత నోలాన్ మీద రాసిన పేజీ దాచకుండా పైకి చదవండి. మూడూ చదివాక కాసేపు ఎవరినీ ఏమీ అడగకండి. మొదటి రెండూ మీకు ఎందుకు నచ్చాయో చెప్పండి, మూడోది ఎందుకు నచ్చలేదో అదే గొంతుతో చెప్పండి. ఎవరైనా విభేదిస్తే విభేదించనివ్వండి. సమావేశానికి ముందు వీలైతే ఒక ఉదయం సెంటెన్నియల్ పార్కుకు వెళ్లి రండి. దాని అంచున మార్టిన్ రోడ్డులో వైట్ చివరి పాతికేళ్లూ గడిపాడు, చితాభస్మం కలిపింది ఆ పార్కు నీళ్లలోనే. అక్కడ కూర్చుని గ్రీసు భాగంలో ఒక పది పేజీలు చదవండి. దాన్ని గురించి సమీక్షల్లో మీకు పెద్దగా ఏమీ దొరికి ఉండదు, అందుకే అక్కడ మీ అభిప్రాయం పూర్తిగా మీదై ఉంటుంది.

ఇంకొకటి దగ్గర పెట్టుకోండి, ఎవరైనా ‘ఇతరుల గురించి ఇన్ని రాశాడు, తన గురించి ఇంకొకరు రాస్తే ఊరుకుంటాడా’ అంటే పనికొస్తుంది. డేవిడ్ మార్ అనే పాత్రికేయుడు వైట్ జీవితచరిత్ర రాశాడు, 1991లో వచ్చింది. ఆత్మకథ ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ మౌనం వహించిందో అందులో ఉంది. వైట్ చనిపోవడానికి కొద్ది నెలల ముందు మార్ ఆ రాతప్రతిని ఆయన చేతిలో పెట్టాడు. అప్పటికి ఒంట్లో ఓపిక లేదు. చాలాచోట్ల కన్నీళ్లతో చదవవలసి వచ్చిందని మార్‌తో అన్నాడు. ఒక్క వాక్యం కూడా తీసెయ్యమని గానీ మార్చమని గానీ అడగలేదు.